ఎంత తప్పుతోంది, ఎప్పుడు తప్పుతోంది?

ఈసారి ఉత్తరాల్లో ల్యాప్‌టాప్ గడియారం గోలే ఎక్కువ. అందుకని ప్రింటర్ల బాధితుల్నీ, హార్డ్‌డిస్కులు పోగొట్టుకున్నవాళ్లనీ వచ్చే సంచిక దాకా ఓపిక పట్టమంటున్నాను. ఒక్క మనవి. గడియారం గురించి రాసేవాళ్లు ‘టైము తప్పుతోంది’ అని ఊరుకోకుండా, ఎంత తప్పుతోందో, ఆపి ఉన్నప్పుడు తప్పుతోందో నడుస్తున్నప్పుడు తప్పుతోందో కూడా రాయండి. ఆ రెండూ తెలిస్తే స్క్రూడ్రైవర్ పట్టకముందే సగం రోగం తెలిసిపోతుంది.

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. నేను లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి కొత్తది కొనుక్కుని పాత ల్యాప్‌టాప్ నాకిచ్చాడు. బ్యాటరీ ఉబ్బితే తీసేయించి, చార్జర్ పెట్టుకుని వాడుతున్నాను. రాత్రి పడుకునే ముందు కరెంటు వృథా ఎందుకని ప్లగ్గు కూడా పీకేస్తాను. ఈమధ్య పొద్దున ఆన్ చేయగానే నల్ల తెర మీద ఏదో ఇంగ్లీషులో రాసి ఎఫ్1 నొక్కమంటోంది. నొక్కితే తెరుచుకుంటుంది గానీ తేదీ 2016 జనవరి ఒకటి అని చూపిస్తోంది. బ్యాంకు సైటుకు వెళ్తే ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటోంది. చేత్తో సరిచేస్తే రాత్రి దాకా బాగానే ఉంటుంది, తెల్లారితే మళ్లీ మామూలే. దగ్గర్లోని షాపువాళ్లు మదర్‌బోర్డు పోయిందన్నారు, కొత్తది కొనడమే మేలన్నారు. నిజమేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లకుంట

జవాబు: మాస్టారూ, మదర్‌బోర్డు పోయిన ల్యాప్‌టాప్ పొద్దుటి నుంచి రాత్రి దాకా సరైన టైము చూపిస్తూ కూర్చోదు. పైగా మీ ఉత్తరంలోనే జవాబుంది. బ్యాటరీ తీసేశారు, రాత్రి ప్లగ్గు పీకేస్తున్నారు.

ల్యాప్‌టాప్‌లో టైము చూసే ఏర్పాట్లు రెండు. మిషను నడుస్తున్నంతసేపూ విండోస్ తన లెక్క తాను ప్రాసెసర్‌లోని టైమర్ల సాయంతో నడుపుకుంటుంది. మిషను ఆపాక ఆ పని మదర్‌బోర్డు మీదున్న చిన్న గడియారానిది. దాన్ని ఆర్‌టీసీ, అంటే రియల్ టైమ్ క్లాక్ అంటాం. అందులో ఒక క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. మీరు లెక్కల మాస్టారు కాబట్టి చెబుతున్నాను, అది రెండును పదిహేనుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య. ఆ కంపనాలను వరసగా పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకు ఒక టిక్కు మిగులుతుంది. చేతి గడియారాల్లో వాడేదీ ఇదే స్ఫటికం.

మిషను ఆపి ఉన్నా ఆ గడియారానికి పిసరంత కరెంటు కావాలి. చార్జర్ పెట్టి ఉంటే అక్కణ్నుంచి, లేకపోతే పెద్ద బ్యాటరీ నుంచి తీసుకుంటుంది. ఆ రెండూ లేనప్పుడే లోపలున్న బిళ్ల సెల్లు మీద పడుతుంది. మీ అబ్బాయి వాడినన్నాళ్లూ పెద్ద బ్యాటరీ ఉంది కాబట్టి ఈ సెల్లుకు పెద్ద పని పడలేదు. ఇప్పుడు రోజూ రాత్రంతా గడియారాన్ని అదొక్కటే మోయాలి. పాతబడిన సెల్లు, ఎన్నాళ్లు మోస్తుంది? పూర్తిగా చేతులెత్తేసినప్పుడు గడియారం ఆ మిషను తయారైన కాలం నాటి తేదీకి, అంటే ఫ్యాక్టరీలో రాసిపెట్టిన తేదీకి వెళ్లిపోతుంది. మీ 2016 అక్కణ్నుంచి వచ్చిందే. ఆ నల్ల తెర మీద ఇంగ్లీషు కూడా బహుశా ‘తేదీ, సమయం సెట్ చేయలేదు’ అనే అర్థంలోనే ఉంటుంది. ఈసారి చదివి చూడండి.

రుజువు కావాలంటే ఈ రాత్రి ఎప్పటిలాగే షట్‌డౌన్ చేయండి, ప్లగ్గు మాత్రం ఉంచేయండి, స్విచ్చి కూడా వేసే ఉంచండి. పొద్దున టైము సరిగ్గా ఉంటే తప్పు సెల్లుదేనని తేలినట్టే. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. షాపువాళ్లు ఇది చేసి చూడకుండానే మదర్‌బోర్డు మీద తీర్పు చెప్పేశారంటే నాకు ఒళ్లు మండుతుంది.

నెట్ ఉంది కదా, టైము దానంతటదే సరికావాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. ఇళ్లలో వాడే విండోస్‌లో ఒక కట్టుబాటు ఉంది. తేడా 15 గంటలు దాటితే టైము సర్వీసు దాన్ని తనంతట తాను దిద్దదు. ఏళ్ల తేడాను చూసి ఏదో తిరకాసుందని ఆగిపోతుంది. కాబట్టి సెల్లు మార్చాక కూడా మొదటిసారి తేదీ మీరే పెట్టాలి. ఆ తరవాత నెట్ చూసుకుంటుంది.

బ్యాంకు సంగతి. ప్రతి సురక్షిత సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. ఇప్పుడిస్తున్న సర్టిఫికెట్ల గడువు ఏళ్ల తరబడి ఉండదు. 2016లో ఉన్న మీ ల్యాప్‌టాప్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే బ్రౌజర్ తలుపు వేసేస్తోంది. ‘ఫర్వాలేదు, ముందుకు వెళ్లు’ అనే మీట కింద ఎక్కడో ఉంటుంది. దాని జోలికి పోవద్దు. తేదీ సరిచేస్తే హెచ్చరిక పోతుంది. తేదీ సరిగ్గా ఉన్నా పోలేదంటే, అప్పుడు నిజంగానే భయపడాలి.

ఇక సెల్లు మార్చడం. ఎక్కువ ల్యాప్‌టాప్‌లలో ఉండేది సీఆర్ 2032. మొదటి 20 అంటే అడ్డం 20 మిల్లీమీటర్లు, తరవాతి 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. మూడు వోల్టుల లిథియం సెల్లు. బోర్డు మీద గూడులో కూర్చుని ఉంటే మార్చడం చిటికెలో పని. చాలావాటిలో మాత్రం నల్ల తొడుగు వేసి, రెండు తీగలతో, చిన్న ప్లగ్గుతో వస్తుంది. అలాంటిదైతే మీ మోడల్ నంబరు చెప్పి అదే కొనండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారు చుట్టుపక్కలగానీ, కోఠీ గుజరాతీ గల్లీలోగానీ దొరుకుతుంది. ప్లగ్గు ఒకేలా కనిపించినా ఎరుపు, నలుపు తీగల వరస కంపెనీని బట్టి తిరగబడుతుంది. పాతదాన్ని పక్కన పెట్టి పోల్చుకుని గానీ గుచ్చొద్దు. సెల్లు మీద నేరుగా టంకం పెడతానన్నవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, ఆ వేడికి లిథియం సెల్లు పగలవచ్చు. కొన్ని పాత మోడళ్లలో ఎంఎల్ 1220 అని చార్జయ్యే రకం సెల్లు ఉంటుంది. దాని స్థానంలో మామూలు సీఆర్ రకం పెడితే, చార్జ్ కాకూడనిదాన్ని బోర్డు చార్జ్ చేస్తూ పోతుంది, అది ప్రమాదం. అసలు బిళ్ల సెల్లే లేని మోడళ్లూ ఉన్నాయి. వాటిలో గడియారం బతికేది పెద్ద బ్యాటరీ మీదే. మీది ఆ రకమైతే పెద్ద బ్యాటరీ కొనాలి, లేదా ప్లగ్గు ఉంచేయాలి.

సెల్లు తీయక ముందు రెండు పనులు చేయండి. ఆన్ చేయగానే ఎఫ్2నో డిలీట్ మీటనో నొక్కి, విండోస్ కంటే ముందు వచ్చే బయోస్ అనే సెట్టింగుల్లోకి వెళ్లి, ప్రతి పేజీకీ ఫోనుతో ఫొటో తీసుకోండి. సెల్లు తీస్తే ఆ సెట్టింగులు మొదటికి రావచ్చు. హార్డ్‌డిస్క్‌కి సంబంధించిన సెట్టింగు మారితే విండోస్ తెరుచుకోదు, అప్పుడు ఆ ఫొటోనే దిక్కు. రెండోది, మీ మిషన్లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో మీ అబ్బాయిని అడగండి. ఉంటే మళ్లీ ఆన్ చేసినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మీ అబ్బాయి మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండే అవకాశం ఎక్కువ. ముందే రాసిపెట్టుకోండి.

సెల్లు ఖరీదు మామూలుగా వంద లోపే, తీగలున్నదానికి ఇంకాస్త. మిగతాది విప్పి బిగించిన కూలి.

తీసిన సెల్లు టేబుల్ మీద వదిలేయొద్దు మాస్టారూ. ఇంటికి మనవలు వస్తుంటారు కదా. చిన్న పిల్లలు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. అయిపోయిన సెల్లు కూడా ఆ పని చేస్తుంది. టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. ఆ ఉబ్బిన పెద్ద బ్యాటరీ ఇంకా ఇంట్లోనే బీరువాలో ఉంటే, దాన్ని ఇవాళే ఇంట్లోంచి పంపించేయండి.

ప్రశ్న: అక్కా, మా అన్నయ్య కాలిఫోర్నియా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ వాడుతున్నాను. రాత్రి తొమ్మిదైతే ఇందులో పొద్దున ఎనిమిదిన్నర. నవంబరు వచ్చాక అది ఏడున్నర అయింది, నాకు పిచ్చెక్కింది. చేత్తో మారిస్తే కాసేపటికి మళ్లీ పాతదే చూపిస్తుంది. ఒక్కోసారి మీటింగులన్నీ అయిపోయినట్టు చూపిస్తోంది. సెల్లు మార్చమంటున్నారు ఫ్రెండ్స్.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, కొండాపూర్

జవాబు: సెల్లు ముట్టుకోకు చెల్లీ, అది దివ్యంగా ఉంది. తేడాలో అరగంట కనిపించిందంటే బ్యాటరీని అనుమానించక్కర్లేదు. చచ్చిన సెల్లుకు పన్నెండున్నర గంటలు లెక్కపెట్టే ఓపిక ఉండదు. మన టైము గ్రీనిచ్‌కు ఐదున్నర గంటలు ముందుంటుంది, అమెరికా జోన్లు నిండు గంటల్లో వెనకుంటాయి. అందుకే అక్కడి జోన్ పెట్టుకున్న మిషనుకూ మనకూ తేడా ఎప్పుడూ అరగంట మీదే తేలుతుంది. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు తిప్పి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. నీ పన్నెండున్నర పదమూడున్నర అయింది అందుకే.

చేత్తో మార్చడమే అసలు గొడవ తెచ్చింది. లోపల మిషను గ్రీనిచ్ టైము దగ్గర పెట్టుకుని, జోన్‌ను బట్టి కూడి తీసి మనకు చూపిస్తుంది. జోన్ కాలిఫోర్నియాదే ఉంచి నువ్వు పైన అంకెలు దిద్దితే, లోపలి టైము పన్నెండున్నర గంటలు ముందుకు పోతుంది. మీటింగు మాత్రం అక్కడి లెక్కలో పొద్దున ఎనిమిదిన్నరకే పడుతుంది, నీ గడియారం రాత్రి తొమ్మిదంటుంది. ఇంకేం, అయిపోయినట్టే కనిపిస్తుంది. తరవాత నెట్ వచ్చి లోపలి టైము సరిచేస్తుంది, నువ్వు దిద్దింది పోతుంది. నువ్వు రాయడం, అది చెరపడం.

సెట్టింగ్స్‌లో టైము జోన్‌కు వెళ్లి ‘చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ’ అని ఉన్నదాన్ని ఎంచుకో. హైదరాబాద్ కోసం వెతకొద్దు, లేదు. ఇంతమంది సాఫ్ట్‌వేర్‌వాళ్లున్న ఊరికి ఆ జాబితాలో చోటు లేకపోవడం నాకూ కష్టంగానే ఉంటుంది. జోన్ మార్చాక టైము ఆటోమేటిక్‌గా పెట్టుకోమని చెప్పు. మళ్లీ జోన్ దానంతటది మారిపోతుంటే, జోన్‌ను ఆటోమేటిక్‌గా ఎంచుకునే మీట ఒక్కటి ఆపేయి. ఆఫీసు వీపీఎన్ పెట్టినప్పుడు మిషను తానెక్కడుందో పొరబడే అవకాశం ఉంది.

ప్రశ్న: మేడమ్, నా ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఉన్నాయి. ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే టైము సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. సెల్లు కొత్తదే వేయించాను, తేడా లేదు.
— ఇంజనీరింగ్ విద్యార్థి, ఘట్‌కేసర్

జవాబు: ‘సరిగ్గా ఐదున్నర’ అని రాశాక సెల్లు ఎందుకు వేయించావయ్యా! ఉబుంటు బోర్డు మీది గడియారంలో గ్రీనిచ్ టైము రాస్తుంది. విండోస్ అదే గడియారం చూసి అది మన టైమే అనుకుంటుంది. ఇద్దరిలో ఒకరి అలవాటు మార్చాలి. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండుకు సెట్-లోకల్-ఆర్‌టీసీ చేర్చి 1 ఇస్తే, అది కూడా స్థానిక టైమే రాస్తుంది. అలా చేస్తే అది కాస్త సణుగుతుంది, హెచ్చరిక చూపిస్తుంది. ఆ హెచ్చరిక ముఖ్యంగా ఏడాదికి రెండుసార్లు గడియారాలు తిప్పుకునే దేశాలవాళ్లకు. మనకు ఆ తిప్పుడు లేదు, కాబట్టి ఇక్కడ చదువుకున్నన్నాళ్లూ ఇబ్బంది రాదు. ఎమ్మెస్‌కు విమానం ఎక్కేటప్పుడు మాత్రం 1 తీసి 0 పెట్టుకుని, విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే విలువ చేర్చి 1 పెట్టుకో. అప్పుడు విండోస్ కూడా గ్రీనిచ్ దారిలోకి వస్తుంది. నన్నడిగితే మొదటినుంచీ రెండోదే శుభ్రమైన పద్ధతి. రిజిస్ట్రీ ఎప్పుడూ ముట్టుకోలేదంటే మాత్రం మొదటిదే చెయ్యి.

ప్రశ్న: అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. ల్యాప్‌టాప్ టైముకీ ఫోను టైముకీ ఇరవై సెకన్లు తేడా. ఎండాకాలంలో ఎక్కువైనట్టనిపిస్తోంది, నా భ్రమా? నెట్ నుంచి టైము తెచ్చుకునే ‘సింక్ నౌ’ మీట నొక్కితే కుదరలేదంటోంది. ఆన్‌లైన్ మాక్ టెస్టుల్లో నష్టపోతానేమోనని భయం.

జవాబు: భ్రమ కాదు. ఆ స్ఫటికాన్ని సుమారు 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా కోస్తారు. అంతకంటే వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. 45 డిగ్రీల దగ్గర ఆ వేడి ఒక్కదానివల్లే రోజుకు ఓ సెకను పైగా వెనకబడగలదు. మే నెలలో రేకుల కప్పు కింద గదిలో ల్యాప్‌టాప్ ఆపి పెట్టినా ఆ వేడి తగులుతుంది. దీనికి తోడు ఏ స్ఫటికానికైనా పుట్టుకతో కొంచెం తేడా ఉంటుంది. పది లక్షలకు ఇరవై వంతులు తప్పినా నెలకు యాభై సెకన్ల చిల్లర. ఇదంతా జబ్బు కాదు, నెట్ ద్వారా దిద్దుకోవాల్సిన మామూలు తేడా. నీకు ఆ దిద్దుబాటే జరగడం లేదు.

నెట్‌లో టైము అడిగే సందేశాలు (వాటిని ఎన్‌టీపీ అంటారు) 123 నంబరు పోర్టు, అంటే ఆ నంబరు దారి మీదుగా వెళ్తాయి. హాస్టళ్లలో, ఆఫీసుల్లో వైఫై పెట్టేవాళ్లు చాలామంది సైట్లకు పనికొచ్చే పోర్టులు ఉంచి మిగతావి మూసేస్తారు. వీడియోలు వస్తాయి, టైము రాదు. ఫోను హాట్‌స్పాట్ పెట్టి ఒకసారి సింక్ నౌ నొక్కు. అయిందంటే హాస్టల్ వైఫైదే తప్పు. వారానికోసారి అలా నొక్కుకుంటే చాలు. హాట్‌స్పాట్ మీద కూడా కాకపోతే సర్వీసెస్ జాబితాలో ‘విండోస్ టైమ్’ ఆగిపోయి ఉందేమో చూసి నడిపించు. మాక్ టెస్టుల్లో మిగిలిన నిమిషాల లెక్క మామూలుగా అవతలి సర్వరుది, నీ గడియారంతో పని లేదు. చదువుకో. ఇరవై సెకన్లు కాదు, ల్యాప్‌టాప్ ముందు నువ్వు పోగొట్టుకుంటున్న గంటల సంగతి వేరే చెప్పక్కర్లేదు కదా.

ప్రశ్న: టైము జోన్‌లో చెన్నై, కోల్‌కతా అని ఉంది, మన ఊరి పేరు లేదు. పంచాంగంలో ఊరిని బట్టి సూర్యోదయం మారుతుంది కదా. మరి ల్యాప్‌టాప్ టైము మన హైదరాబాద్‌కు సరిపోతుందా? ముహూర్తాలు చూసేవాణ్ని, అందుకే అడుగుతున్నాను.
— పురోహితులు, మల్కాజిగిరి

జవాబు: స్వామీ, గడియారం దేశమంతటికీ ఒకటే. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. ఆ రేఖ ఉత్తరాన మిర్జాపూర్ మీదుగా, మన వైపు కాకినాడ దగ్గరగా పోతుంది. హైదరాబాద్ దానికి పడమరగా సుమారు నాలుగు డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన సూర్యుడు ఇక్కడికి పదహారు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ఆ తేడా పంచాంగకర్తలు ఊరూరికీ గణించి వేసేస్తారు, వాళ్లిచ్చే గంటలు నిమిషాలు మాత్రం ఇదే దేశం టైములో ఉంటాయి. కాబట్టి ల్యాప్‌టాప్‌ను అలాగే ఉంచి పంచాంగం చూసుకోండి. మీరు చూసుకోవాల్సింది పంచాంగం సాఫ్ట్‌వేర్‌లో ఊరు ఏదని పెట్టారన్నదే. చాలావాటిలో మొదట ఢిల్లీయో ఉజ్జయినియో పెట్టి ఉంటుంది, అక్కడ హైదరాబాద్ తప్పకుండా ఎంచుకోవచ్చు.

ప్రశ్న: మా ఆడిటర్ ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి పదిహేను రోజులు సెలవులో పక్కన పెట్టాం. ఇప్పుడు పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా సర్వరులోకి రానివ్వడం లేదు. గడియారం ఎనిమిది నిమిషాలు వెనకుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?
— అకౌంటెంట్, హిమాయత్‌నగర్

జవాబు: ఉంది. విండోస్ సర్వరు కింద నడిచే ఆఫీసుల్లో లాగిన్ చూసే కెర్బెరోస్ అనే పద్ధతి మామూలుగా ఐదు నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. ఎవరో పాత సందేశాన్ని పట్టుకుని మళ్లీ వాడకుండా ఆ జాగ్రత్త. మీరు సొంతంగా టైము మార్చకండి. ల్యాప్‌టాప్‌ను ఆఫీసు తీగ నెట్‌వర్కుకు కలిపి రీస్టార్ట్ చేయండి, చాలాసార్లు సర్వరును చూసి టైము దానంతటదే సరిపోతుంది. సరిపోకపోతే మీ ఐటీ మనిషికి ఫోన్ చేసి ‘ఎనిమిది నిమిషాలు వెనకుంది’ అన్న మాట ముందే చెప్పండి. లేకపోతే ఆయన పాస్‌వర్డ్ మార్చడం నుంచి మొదలుపెడతాడు.